బెంచీ ముందు సగం

ధర్మపురి,
జూలై 6.

కలై అక్కకు,

పోయిన ఉత్తరాన్ని ఎర్రసిరాతో దిద్ది తిప్పి పంపావు చూడు, దాన్ని మా అమ్మ చూసి, "ఇదేందే, మీ అక్క నీకు మార్కులు ఏసి పంపిచ్చిందా?" అని ఒకటే నవ్వు. నవ్వనీ. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం అని ఇన్నేళ్ళు బతికినదాన్ని, మన మాట రాయడం ఇప్పుడు నేర్చుకుంటున్నాను. రైల్వే ఉద్యోగమని గుంతకల్లు చేరి నువ్వు స్టేషన్ బోర్డులు చూసి నేర్చుకున్నావు. నేను నీ ఉత్తరాలు చూసి నేర్చుకుంటున్నాను. ఫోన్లో అయితే మనిద్దరం ఆట దగ్గర కొట్లాడుకుంటాం గనక ఆట సంగతులు ఉత్తరాల్లోనే అని నువ్వు పెట్టిన షరతు మంచిదే అయింది. గ్రౌండ్‌లో ఏం జరిగినా, దీన్ని అక్కకు ఎట్లా రాయాలా అని తెలుగులోనే ఆలోచన సాగుతోంది. నాకే వింతగా ఉంది.

అసలు సంగతికి వస్తాను. కాలేజీ తెరిచారు. మా మహిళా కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌ని నేనే, బాస్కెట్‌బాల్ కోచ్‌ని నేనే, బంతులకు గాలి కొట్టేదాన్నీ నేనే. ఈ ఏడు పదహారు మంది పిల్లలు ఆడుతున్నారు. జట్టులో ఉండేది పన్నెండు మంది. స్పోర్ట్స్ హాస్టల్లో మంచాలూ పన్నెండే. ఇప్పుడు ఇరుక్కుని సర్దుకుంటున్నారు గానీ, ఆగస్టు ఆఖరుకు నలుగురు ఖాళీ చెయ్యాలి. ఇంట్లో జరుగుబాటు ఉన్న పిల్లలైతే బస్సులో వచ్చి చదువుకుంటారు. లేనివాళ్ళకు హాస్టల్ పోతే చదువు పోయినట్టే. అందుకే ఈ రెండు నెలల మ్యాచ్‌లలో ఎవరు ఎట్లా ఆడుతున్నారో ఒళ్ళు దగ్గర పెట్టుకుని చూడాలి.

మోనిష ఉంది, పాలకోడు పిల్ల. బంతి ఆమె చేతిలో ఉంటే నాకు నెమ్మదిగా ఉంటుంది. నేను అనబోయేది ముందే విన్నట్టు కదులుతుంది. మన మహేంద్రమంగళం వెంకటరామప్ప మామ మనవరాలు నందిని కూడా ఈ ఏడు చేరింది. పొట్టిదే గానీ చెప్పింది చెప్పినట్టు చేస్తుంది. పాలకోడు వైపు నుంచి ఇంకో ఇద్దరు వచ్చారు, వాళ్ళూ చురుకే.

నాకు అర్థం కానిది మాదేశ్వరి ఒక్కతే. ఎ. పళ్లిపట్టి పిల్ల. తండ్రి అరివళగన్ కొత్తు పని, అంటే మేస్త్రీ పనికి పోతాడు. బడిలో కబడ్డీ ఆడి, ఈ ఏడు కాలేజీలో చేరాకే ఈ బంతిని ముట్టింది. ఎత్తూ ఉంది, బలమూ ఉంది. ప్రాక్టీసులో నేను విజిల్ వేసి నేర్పితే ఇట్టే పట్టుకుంటుంది. మాలో మేము ఆడుకునే మ్యాచ్‌లో దించితే మాత్రం మొద్దులాగా నిలబడిపోతుంది. ఏం చెయ్యాలో నువ్వే చెప్పు.

నీ మోకాలు ఎట్లుంది? అమ్మ నూనె కాచి సీసాలో పోసింది. ఊరివాళ్ళు ఎవరైనా అటు వస్తే పంపిస్తాను. రోజూ రాసుకోమంది.

నీ
సత్య.


గుంతకల్లు,
జూలై 19.

ఒసే సత్యా,

తప్పులు తగ్గాయి. మెచ్చుకున్నానని తల ఎగరేయకు, ఇంకా ఉన్నాయి.

ఇక్కడ ఎండలు తగ్గినట్టే తగ్గి మళ్ళీ మొదలయ్యాయి. పార్శిల్ ఆఫీసులో ఫ్యాను తిరుగుతుంది గానీ గాలి రాదు. మామిడిపండ్ల బుట్టలు వచ్చిన రోజు మాత్రం మన ఊరు గుర్తొచ్చి పని మీద ధ్యాస ఉండదు.

నీ పిల్లల ముచ్చట చదివాను. మోనిష గురించి రాస్తే మురిపెం, మాదేశ్వరి గురించి రాస్తే విసుగు. చెప్పింది చేసే పిల్ల అందరికీ ముద్దే. నాకు ఒక్కటి చెప్పు. ఆ మాదేశ్వరి ఎప్పుడూ మొద్దులాగే ఉంటుందా, లేక కొన్నిసార్లు బాగా ఆడి కొన్నిసార్లు అట్లా అవుతుందా? ఎప్పుడూ అయితే అది ఆట రాకపోవడం. కొన్నిసార్లు అయితే ఆ కొన్నిసార్లు ఎప్పుడో పట్టుకోవాలి. మనుషులు ఊరికే మొద్దులు కారు.

ఇంకో మాట. ఆ పిల్లను పిలిచి అడిగావా? అడగడం అంటే కేకలు వెయ్యడం కాదు. పక్కన కూర్చోబెట్టుకుని అడగడం. నీ సంగతి నాకు తెలుసు. విజిల్ నోట్లో పెట్టుకునే పుట్టావు.

పిన్నిని అడిగానని చెప్పు. మోకాలి సంగతి అడగడం మీ ఇంట్లో ఎవరూ మానరు గదా. ఉంది, దాని చోట అది ఉంది.

కలైవాణి.


ధర్మపురి,
ఆగస్టు 10.

కలై అక్కకు,

ఆడి పద్దెనిమిది పండగకు ఊరంతా కావేరి స్నానానికి హొగెనక్కల్ వైపు పోతే నేను పిల్లలను తీసుకుని సేలం పోయాను. అక్కడ రెండు మ్యాచ్‌లు, మళ్ళీ ఆదివారం కృష్ణగిరిలో ఒకటి. ఒకటి గెలిచాం, రెండు ఓడిపోయాం. మొదలు గనక ఓడినందుకు బాధ లేదు. ఎవరెవరు ఎంతో తేలింది, అది చాలు.

నువ్వు అడిగినదానికి జవాబు దొరికింది. మాదేశ్వరి ఎప్పుడూ మొద్దు కాదు. మొదటి సగంలోనే మొద్దు. మూడు మ్యాచ్‌లలోనూ అదే తంతు. మొదటి సగంలో అవతలివాళ్ళు బంతి తెస్తుంటే ఈమె అడ్డుకోదు, నిలబడి నా మొహంలోకి గుడ్లప్పగించి చూస్తుంది. ఒకతెను వదిలేసి పక్కకు పొమ్మని గొంతు చించుకుని అరుస్తున్నానా, దాన్నే ఇంకా గట్టిగా అంటిపెట్టుకుని ఫౌల్ చేస్తుంది! రెండో సగం వచ్చేసరికి వేరే పిల్ల. ఎగిరి బంతి అందుకుంటుంది, అడ్డం పోతుంది, తనంతట తానే అన్నీ చేస్తుంది. ఓడిన రెండింట్లోనూ అప్పటికే మ్యాచ్ చెయ్యి జారిపోయింది. ఓడిపోయాక బాగా ఆడి ఎవరికి లాభం? భయం లేనప్పుడు ఆడటం ఆట కాదు అక్కా.

పిలిచి అడిగాను కూడా. పక్కన కూర్చోబెట్టుకునే అడిగాను, నీ మీద ఒట్టు. "నేను చెప్పేది నీకు వినపడలేదా?" అన్నాను. "వినపడింది మిస్" అంది. "మరి ఎందుకు చెయ్యలేదు?" తల దించుకుంది. "ఇకమీదట చేస్తాను మిస్." అంతే. పొగరో, సోమరితనమో, నాకు తెలియలేదు. వినపడి కూడా చెయ్యని పిల్లను ఏం చేసుకోను?

పొద్దున పేర్లు బోర్డు మీద పెట్టేశాను. మాదేశ్వరి లేదు. నందిని ఉంది. బంధువు అని పెట్టలేదు, నువ్వు ఆ మాట అనకముందే చెబుతున్నాను. చెప్పిన మాటకు కదులుతుంది గనక పెట్టాను. మాదేశ్వరి బోర్డు చూసింది. బూట్లు తుడిచి స్టోర్‌రూములో పెట్టి పోయింది. హాస్టల్ ఖాళీ చెయ్యడానికి నెలాఖరు దాకా గడువు ఉంది.

కృష్ణగిరి మ్యాచ్‌ను బెంచీ మీద కూర్చున్న పిల్ల ఒకతె నా పక్క నుంచే ఫోన్లో తీసింది. నీకు పంపాను. మోనిష ఆట చూడు, నీ కాలపు ఆట గుర్తొస్తుంది. ఆ మోకాలు దెబ్బ తినకపోతే నువ్వు ఎక్కడ ఉండేదానివో అని ప్రతిసారీ అనుకుంటాను.

నీ
సత్య.


గుంతకల్లు,
ఆగస్టు 18.

సత్యా,

ఫోన్ చేతిలోకి తీసుకుని మళ్ళీ పెట్టేశాను. నేను సగం చెప్పేలోపల నువ్వు అడ్డం తగులుతావు. నెలాఖరు దాకా గడువు ఉందన్నావు గనక ఇది స్పీడ్ పోస్టులో వేస్తున్నాను. ఆఖరుదాకా చదివి అప్పుడు తిట్టు.

నీ వీడియో ఆదివారం మధ్యాహ్నం చూశాను. రెండుసార్లు చూశాను. నాకు ఏమీ కనిపించలేదు. నువ్వు చెప్పినట్టే ఉంది, మోనిష పాదరసం, మాదేశ్వరి స్తంభం. మూడోసారి చూస్తుంటే మా ఇంటి ఓనరమ్మ గోపమ్మ గారు మజ్జిగ ఇవ్వడానికి వచ్చింది. ఆమెకు బాస్కెట్‌బాల్ అంటే ఏమిటో తెలియదు. ఫోన్ వైపు చూడను కూడా చూడలేదు. గ్లాసు కింద పెడుతూ అంది: "ఏమ్మా కలైవాణీ, మీ చెల్లెలు అరవదేశంలో ఉండాదంటివే! ఇంత శుద్ధంగా తెలుగులో తిడతాంది. ఆడ పిల్లోళ్ళకంతా తెలుగు వస్తాదా?"

నాకు ఒక్క నిమిషం ఆమె ఏమంటోందో అర్థం కాలేదు. తర్వాత మజ్జిగ తాగడం మరిచిపోయాను.

సత్యా, నువ్వు బెంచీ దగ్గర నుంచి తెలుగులో అరుస్తున్నావు. "ఇడిచిపెట్టు, ఇడిచిపెట్టు, ఎనక చూడే, అడ్డం పో, బిరీన!" అంతా మన ఇంటి మాటే, త్వరగా అనేదానికి 'బిరీన'తో సహా. నేను రెండుసార్లు చూసి కూడా పట్టుకోలేదు. ఎందుకంటే అది నాకు మాట లాగా వినపడదు, మన ఇల్లు లాగా వినపడుతుంది. మోనిషకు వినపడుతుంది, నందినికి వినపడుతుంది, పాలకోడు పిల్లలకు వినపడుతుంది. వాళ్ళు నువ్వు అన్నదల్లా చేస్తారు. మాదేశ్వరికి తెలుగు వస్తుందా? ఆ ఇంట్లో తమిళమే అయితే ఆ పిల్ల నీ మొహం తప్ప ఏం చూస్తుంది? మాట తెలియనివాళ్ళు మొహమే చూస్తారు.

మొదటి సగం, రెండో సగం అన్నావు. ఆలోచించు. మొదటి సగంలో నువ్వు కాపాడుకునే బుట్ట ఎక్కడ ఉంటుంది? నీ బెంచీ ముందు. నీ అరుపంతా ఆ పిల్ల చెవుల్లో పడుతుంది. రెండో సగంలో వైపులు మారుతాయి. ఆ పిల్ల కోర్టు ఆ చివర ఉంటుంది. అక్కడికి నీ గొంతు అందదు. అందని చోట చక్కగా ఆడుతోంది.

నీకు ఒకరి సంగతి చెప్పాలి. నేను రైల్వేలో చేరిన కొత్తలో జోనల్ జట్టులో మన వైపు పిల్ల ఒకతె ఉండేది. బాగా ఆడేది. అక్కడి కోచ్ అంతా హిందీలో చెప్పేవాడు. ఆమెకు ఒక్క ముక్క తెలియదు. అడిగితే నవ్వుతారని అన్నిటికీ తల ఊపేది. ఆయన "దీనికి బుర్ర లేదు" అని సీజను నడుమనే పక్కన పెట్టేశాడు. ఇంటికి ఏం చెప్పిందో, ఎట్లా చెప్పిందో. ఆ తర్వాత ఆమె బంతి ముట్టలేదు.

నీకు చెడ్డ బుద్ధి ఉందని నేను అనడం లేదు. నీకు తెలియకుండా జరిగింది. కానీ జరిగింది.

కలైవాణి.


ధర్మపురి,
ఆగస్టు 22.

అక్కా,

పద్దెనిమిదేళ్ళుగా ఈ కాలేజీలో పని చేస్తున్నాను. నేను నా పిల్లలతో తమిళంలోనే మాట్లాడతాను. నా ఉద్యోగమే తమిళం. ఎప్పుడో ఒక మాట నోరు జారి ఉండొచ్చు. దానికి నువ్వు కథ అల్లేశావు. మజ్జిగ తెచ్చిన ఆవిడ మాట పట్టుకుని నా తీర్పు తప్పంటావు. ఆమె నా కోర్టు చూసిందా? నువ్వు చూశావా, ఈ పిల్లలను ఒక్కరినైనా?

"మనవాళ్ళని పెట్టుకుంది" అని కాలేజీలో ఎవరూ అనకూడదని నేను ఎంత జాగ్రత్తగా ఉంటానో నీకు తెలియదు. నందినిని తీసుకునేటప్పుడు రెండింతలు ఆలోచించాను. చివరికి ఆ మాట నీ నోట వచ్చింది. అంత నేరుగా అనలేదు, నిజమే. అన్నట్టే ఉంది.

ఆ రైల్వే పిల్ల ఎవరో నాకు తెలియదు. ఆమెకు అన్యాయం జరిగిందని నా మీద రుద్దకు. నాకు అర్థం కాకపోతే నేను అడిగి ఉండేదాన్ని. ఈ పిల్లకూ నోరు ఉంది గదా.

సత్య.


గుంతకల్లు,
ఆగస్టు 25.

సత్యా,

నీ కోపం నాకు కొత్త కాదు. ఒక్క పని చెయ్యి. ఆ వీడియో పెట్టుకుని కళ్ళు మూసుకో. చూడకు, విను. తర్వాత నాకు ఉత్తరం రాసినా సరే, రాయకపోయినా సరే.

కలైవాణి.


ధర్మపురి,
సెప్టెంబర్ 20.

కలై అక్కకు,

ఇన్నాళ్ళు రాయలేదు. రాయడానికి మొహం చెల్లలేదు, తర్వాత తీరిక దొరకలేదు. ఇప్పుడు అంతా వరసగా చెబుతాను.

నీ చిన్న ఉత్తరం వచ్చిన రోజు మధ్యాహ్నం స్టోర్‌రూములో తలుపు వేసుకుని విన్నాను. ఏముందిలే, నిరూపించి పడేద్దామనే కూర్చున్నాను. కళ్ళు మూసుకున్నాక బంతి చప్పుడు, బూట్ల కీచు, వాటన్నిటి మీదా ఒక గొంతు. పెరట్లో కోళ్ళను అదిలించేటప్పటి మా అమ్మ గొంతు అక్కా, అచ్చం అదే. "ఇడిచిపెట్టవే, నీ పని కాదు అది, ఎనక చూడు ఎనక!" తమిళం ఎక్కడుందా అని వెతికాను. విరామంలో ఉంది, రిఫరీతో ఉంది. ఆట వేడెక్కిన ప్రతిసారీ మాత్రం తెలుగే. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

నేను ఇట్లా ఎప్పటి నుంచి అయ్యానో తెలుసా? ఈ ఏటి నుంచే. మునుపు నా నోట్లో అంతా తమిళమే. నీకు రాయాలని ఆటను తెలుగులో ఆలోచించడం అలవాటు చేసుకున్నాను. ఈ ఏడే పాలకోడు పిల్లలు వచ్చారు. నేను ఒక మాట విసిరితే వాళ్ళు అందుకున్నారు. అందుకుంటుంటే నాకు సంతోషమై ఇంకా విసిరాను. అందని పిల్ల నాకు పనికిరానిది అయిపోయింది. ఇది నీ తప్పు అనడం లేదు. నీ ఉత్తరాలు ఆపకు.

మర్నాడు ఎ. పళ్లిపట్టి బస్సు ఎక్కాను. మాదేశ్వరి గడువు కంటే ముందే హాస్టల్ ఖాళీ చేసి పోయింది. కూడలిలో టీకొట్టువాడిని అడిగితే ఇల్లు చూపించాడు. గోడలు లేచి, పైకప్పు రేకులు వేసిన ఇల్లు. ఊరందరికీ ఇళ్ళు కట్టే అరివళగన్ తన ఇంటికి ఇంకా పూత పూయలేదు. పిల్ల గుమ్మంలో గుడ్డల సంచి సర్దుకుంటోంది. ఆదివారం పిన్నితో తిరుప్పూరు పోతోందట, బనియన్ల కంపెనీలో పనికి. నన్ను చూసి లేచి నిలబడింది. అదే చూపు, నా మొహంలోకి.

వాళ్ళది తమిళం. ఆమె అన్నది నీకు మన మాటల్లో రాస్తున్నాను.

"నేను బెంచీ నుంచి చెప్పే మాటలు నీకు తెలుసా?" అని అడిగాను.

"తెలుసు మిస్. ఇడిచిపెట్టు. ఎనక చూడు. అడ్డం పో. బిరీన." పాఠం అప్పజెప్పినట్టు వరసగా చెప్పింది. ఒక్క అక్షరం పోలేదు.

"వాటికి అర్థం?"

"నేను కబడ్డీ నుంచి వచ్చినాను గదా మిస్. రీబౌండ్, పివట్ మాదిరి అవి కూడా ఈ ఆటలోని మాటలు అనుకున్నా. మోనిష వాళ్ళంతా బడిలోనే నేర్చుకుని వచ్చినారు, నాకు ఒక్కదానికే తెలీదు అనుకున్నా. అడిగితే 'ఇది కూడా తెలీదా, నీకు సీటు ఎట్ల ఇచ్చినారు' అంటారేమో అని అడగలేదు. మీ మొహం చూసి కనుక్కుంటా ఉంటిని."

"ఇడిచిపెట్టు అంటే ఏమనుకున్నావు?"

"మీరు చాలా కోపంగా అంటారు మిస్. గట్టిగా పట్టుకో అనేమో అని పట్టుకుంటిని."

నేను ఏడ్చాను అక్కా. ఆ పిల్ల ముందే, వాళ్ళ గుమ్మంలోనే. ఆ పిల్ల కంగారుపడి లోపలికి పోయి నీళ్ళు తెచ్చింది.

అది ఆట మాట కాదని, మా ఇంటి మాట అని, నాకు తెలియకుండా నా నోట్లో నుంచి వచ్చిందని చెప్పాను. నమ్మలేకపోయింది. "తెలుంగా మిస్ అది?" అని నోరు తెరిచింది. అరివళగన్ అప్పుడే పని నుంచి వచ్చాడు. చేతులకు సిమెంటు అట్లాగే ఉంది. అంతా విని ఒకటే అడిగాడు.

"తీసుకుపోయి మళ్ళీ తీసేస్తారా మేడం? తిరుప్పూరులో మాట ఇచ్చినాము."

అబద్ధం చెప్పలేకపోయాను. "జట్టులో పెడతానని నేను మాట ఇవ్వలేను. అందరినీ మళ్ళీ ఆడించి చూస్తాను. ఆడలేకపోతే తీసేస్తాను. కానీ ఈసారి మీ అమ్మాయికి అర్థమయ్యే మాటలో చెప్పి తీసేస్తాను" అన్నాను. ఆయన చేతుల సిమెంటు దులుపుకున్నాడు. తర్వాత కూతురి వైపు చూసి, "సంచి తీసుకో, ఈ బస్సుకే పో" అన్నాడు.

ప్రిన్సిపాల్ దగ్గరికి పోయి, నేను చూసిన తీరు తప్పు, జట్టు మళ్ళీ ఎంచాలి అని చెప్పాను. ఆమె కళ్ళజోడు తీసి నన్ను చూసింది. ఏమనుకుందో గానీ సరేనంది. పదహారు మందినీ రెండుగా విడదీసి మ్యాచ్ పెట్టాను. నేను బెంచీ మీద కూర్చుని ఒక్క మాట, ఏ భాషలోనూ, మాట్లాడలేదు. ఎంత కష్టమో నీకు తెలుసు.

అప్పుడు నా ముద్దుల మోనిష ఆట చూడాలి! బంతి పట్టుకుని నా వైపు చూసింది. నేను పలకలేదు. మళ్ళీ చూసింది. మొదటి సగమంతా ఆ పిల్ల దారి తప్పినట్టు తిరిగింది. చెప్పింది చేసే పిల్లలను తయారు చేసుకుని, ఆట తెలిసిన పిల్లలు అనుకున్నాను. రెండో సగానికి తేరుకుంది. మంచి పిల్లే, ఇప్పుడు నేర్చుకుంటుంది. మాదేశ్వరి మాత్రం బెంచీ ముందు సగంలో, ఇన్నాళ్ళు మొద్దులాగా నిలబడిన ఆ చోటే, అందరినీ పేరు పేరునా పిలిచి తమిళంలో నడిపించింది. ఆ గొంతు నేను ఇదివరకు వినలేదు.

తీసేసిన నలుగురిలో ఇద్దరు మళ్ళీ లోపలికి వచ్చారు. లోపలివాళ్ళలో ఇద్దరు పోయారు. అందులో నందిని ఒకతె. దానికి బస్సు ఉంది, చదువు ఆగదు. అయినా బాగా ఏడ్చింది. దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఎందుకు తీశానో చెప్పాను, దానికి వచ్చిన మాటలోనే. వెంకటరామప్ప మామ మా ఇంటికి రావడం మానేశాడు. అమ్మ నాతో రెండు రోజులు మాట్లాడలేదు. "ఊరి పిల్లను తీసేసి ఎవురినో పెట్టుకున్నావా" అంది.

పోయిన వారం జోన్ మ్యాచ్‌లు అయ్యాయి. సెమీఫైనల్ దాకా పోయి ఓడిపోయాం. ఆ మ్యాచ్‌లో జరిగింది ఒకటి చెప్పి ముగిస్తాను. మొదటి సగం, బుట్ట నా బెంచీ ముందే. అవతలివాళ్ళు బంతి తీసుకుని వస్తున్నారు. నాకు ఒళ్ళు మరిచిపోయింది, మాట గొంతుదాకా వచ్చేసింది, ఏ మాటో నీకు తెలుసు. అదే క్షణంలో మాదేశ్వరి పాత అలవాటుగా నా మొహంలోకి చూసింది. నేను రెండు చేతులతో నా నోరు మూసుకున్నాను. పసిపిల్లలు మూసుకున్నట్టు, అందరి ముందూ. ఆ పిల్ల నవ్వింది అక్కా. మ్యాచ్ నడుమ, పళ్ళు కనిపించేలా నవ్వి, అటు తిరిగి బంతి లాక్కుని పోయింది. ఇన్నాళ్ళుగా నా దగ్గర ఆడుతోంది, నవ్వడం అప్పుడే చూశాను.

నీకు కోపంగా రాసిన మాటలకు నన్ను మన్నించు. నూనె సీసా పక్కింటి గుణశేఖర్ చేతికి ఇచ్చి పంపుతున్నాను. మోకాలు ఎట్లుంది?

నీ
సత్య.


గుంతకల్లు,
సెప్టెంబర్ 29.

సత్యా,

ఈసారి దిద్దలేదు. ఎర్ర పెన్ను పక్కనే ఉంది, తీయబుద్ధి కాలేదు.

నీ ఉత్తరం గోపమ్మ గారికి చదివి వినిపించాను. మజ్జిగ మాట చదివినప్పుడు నవ్వింది. మేస్త్రీ మాట చదివినప్పుడు ఆమె కొంగు కళ్ళకు పోయింది. ఆ పిల్ల పేరు మళ్ళీ మళ్ళీ అడిగింది.

అమ్మతో కొట్లాడకు. పిన్ని కోపం పండక్కి పోతుంది. మామ కోపం కూడా పోతుంది, ఆలస్యంగా.

నేను ఆ రైల్వే పిల్ల గురించి రాశాను గదా. ఎవరో నీకు తెలియదన్నావు. తెలుసే. నేనే. హిందీ రాక తల ఊపినది నేనే. "బుర్ర లేదు" అని ఆయన అన్నప్పుడు మాత్రం అర్థమైంది, ఆ మాట చెబుతూ తల మీద వేలితో కొట్టుకుని చూపించాడు. ఇంటికి వచ్చి ఆ మాట మీ అందరికీ ఎట్లా చెప్పను? ఊరంతా నన్ను ఆటగత్తె అని చెప్పుకుంటున్న రోజులు. మోకాలు పోయిందన్నాను. మోకాలు అంటే ఎవరూ మారు మాట అడగరు. పిన్ని ఆ రోజే నూనె కాచింది. అప్పటి నుంచి ఏటేటా పంపుతూనే ఉంది. తలకు రాసుకుంటున్నానని ఆమెకు చెప్పకు.

ఆ పిల్ల నవ్విందని నువ్వు రాసిన చోట వేలు పెట్టుకుని కూర్చున్నాను. నా వైపు చూసి ఎవరైనా ఒక్కసారి నోరు మూసుకుని ఉంటే ఎట్లా ఉండేదా అని.

నిన్న డ్యూటీ దిగాక రైల్వే గ్రౌండ్ పక్క నుంచి వస్తుంటే ఆడపిల్లలు ఆడుతున్నారు. రోజూ ఆ దారినే వస్తాను, రోజూ తల తిప్పుకునే వస్తాను. నిన్న గేటు తీసుకుని లోపలికి పోయాను. "ఒకసారి ఇస్తారా అమ్మా" అని బంతి అడిగాను. నా చీర, నా నెరిసిన జుట్టు చూసి వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇచ్చారు. మొదటిది పడలేదు. రెండోదీ పడలేదు. ఆ తర్వాతిది పడింది.

ఇకమీదట నా మోకాలు ఎట్లుందని అడగవద్దు. బాగానే ఉంది. ఎప్పుడూ బాగానే ఉండింది.

నీ
కలైవాణి.